నాలుగువందల నంబరు గీతలు

వరదొచ్చి పెద్ద వంతెన కొట్టుకుపోయింది చూశారూ, ఇది ఆ ఏడాది సంగతి కాదు. దాని మరుసటి ఏడాది సంగతి. వంతెన పోయిన ఏడు నీళ్ళు మేస్త్రీ ఇంట్లోకి కిటికీ అంచుదాకా వచ్చి మూడు రోజులు నిలిచాయి. నీళ్ళు తీశాక ఇల్లు కడుక్కున్నారు, మంచాలు ఎండబెట్టుకున్నారు. పెరట్లో రేకుల షెడ్డు కింద ఉన్న పాత కారు మాత్రం కడుపునిండా బురద మింగి అలాగే కూర్చుంది.

మేస్త్రీ అంటే బస్సుల డిపోలో నలభై ఏళ్ళు ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. మాట పొదుపు. ఆయన నోటివెంట వరసగా పది మాటలు వచ్చాయంటే ఎక్కడో బస్సు తగలబడిందని లెక్క అనేవాళ్ళు డిపోలో. ఆ లోటు పూడ్చడానికే పుట్టినట్టు ఇంటావిడ మాటల పుట్ట. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుంది. కుడిచేత్తో టపటపా ముద్రలు కొడుతూనే అవతలి మనిషి కూతురి కాన్పు దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పులదాకా అడిగి తెలుసుకునేది. సాయంత్రం ఇంటికొచ్చి అదంతా పొల్లుపోకుండా మొగుడికి అప్పగించేది. ఆయన ఊ కొట్టేవాడు. ఒకరి మాట, ఒకరి ఊ. కాపురం అలా హాయిగా నడిచిపోయింది.

ఆ మరుసటి ఏడాది ఎండలు ముదిరే వేళకి, ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ ఆవిడ బ్రష్షు జారవిడిచింది. వంగి తీసుకోబోతే చెయ్యి మాట వినలేదు. పక్షవాతం అన్నారు. ఆస్పత్రిలో పది రోజులున్నారు. కాలు తిరిగొచ్చింది. మాటా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం వేళ్ళు ముడుచుకుని ఒళ్ళో పడి ఉండిపోయింది.

"కదిలిస్తూ ఉంటే వస్తుంది. ఈ మూడు నాలుగు నెలలే కీలకం. ఊరుకున్నారో, ఇక అంతే," అన్నాడు డాక్టరు.

వ్యాయామాలు చెప్పే అమ్మాయి వారానికి రెండుసార్లు ఇంటికొచ్చేది. ఎర్ర రబ్బరు బంతి ఒకటి ఇచ్చి, "పిసకండి ఆంటీ, ఏదీ, గట్టిగా, శభాష్!" అనేది.

"నేనేమన్నా చంటిపిల్లనా?" అంది ఆవిడ. ఆ వారం మొత్తానికీ ఆవిడ అన్న పెద్ద మాట అదే. బంతి మంచం కిందికి దొర్లిపోయింది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

మాట రాక కాదు, మాట్లాడబుద్ధి కాక. పలకరించడానికి వచ్చినవాళ్ళకి వీపు చూపించేది. "టీ తాగుతావా?" అంటే తల ఊపేది. ఊ కొట్టాలన్నా ఎదుటివాళ్ళు ఏదో ఒకటి అనాలి కదా. ఆ సంగతి మేస్త్రీకి అప్పుడు తెలిసొచ్చింది. వంటింట్లో గిన్నె కింద పెడితే ఆ చప్పుడు వీధి గుమ్మందాకా వినిపిస్తోంది. ఇంత పెద్ద ఇల్లా మనది, అనుకున్నాడు. నిజానికి ఉన్నవి రెండు గదులే.

అప్పుడాయన చేతికి తెలిసిన పనే చేశాడు. షెడ్డులోకి వెళ్ళి కారు ఇంజన్ విప్పాడు. లోపలి భాగాలు కడిగి నూనె పట్టించాడు. అల్యూమినియం ముక్కలు అయిదు పక్కన పెట్టాడు: ఎల్బో అనే పిడికిలంత నీళ్ళ గొట్టం వంపు, డైనమో పట్టు, ముందు మూత, నాలుగు వేళ్ళలా చీలిన గాలి గొట్టం, అన్నిటికంటే పెద్దది వాల్వుల మీది మూత. వరద నీళ్ళకి అయిదూ సున్నం కొట్టినట్టు తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి. వాటిని అద్దంలా చేద్దామని ఇంట్లోకి పట్టుకొచ్చాడు. షెడ్డులో ఎండ అని బయటికి చెప్పాడు. ఆవిడ ఉన్న గదిలో కూర్చోవచ్చని లోపల అనుకున్నాడు. మంచం పక్కన ముక్కాలిపీట వేసి, బేసిన్లో సబ్బునీళ్ళు పోసి, వాటర్ పేపరు అనే గరుకు కాగితం ముంచి రుద్దడం మొదలెట్టాడు.

రోజూ పదిగంటలకి టీకి వచ్చే స్నేహితుడొకడు ఉన్నాడు. డిపోలో డ్రైవరు చేసి మానేశాడు. గొంతు పెద్దది కాబట్టి వీధిలో అందరూ హారన్ అంటారు. ఆయన గుమ్మంలో నిలబడి నోరెళ్ళబెట్టాడు.

"ఒరే మేస్త్రీ, బానెట్ మూసేస్తే దీని మొహం ఎవడు చూస్తాడురా?"

"తెరిచినవాడు," అన్నాడు మేస్త్రీ.

"వదినా, వింటున్నావా? మీ ఆయన ఇవాళ్టి కోటా అయిపోయింది. ఇక రేపే."

మంచం మీది వీపు కదల్లేదు. హారన్ టీ తాగి, మెత్తగా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగోరోజున మేస్త్రీ పాత రబ్బరు చెప్పు ఒకటి తెచ్చి, కత్తితో చిన్న దిమ్మలా కోశాడు. దాని చుట్టూ వాటర్ పేపరు చుట్టాడు. మంచం మీద కూర్చుని, ఆవిడ కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, దిమ్మని అందులో పెట్టి, జారకుండా మెత్తటి గుడ్డపేలికతో మణికట్టుదాకా కట్టాడు. ఎల్బోని ఆవిడ ఒళ్ళో తువ్వాలు మీద పెట్టాడు.

"ఏంటిది?" అంది ఆవిడ.

"నాకు చెయ్యి ఖాళీ లేదు. రుద్దు."

ఆవిడ ఎల్బోకేసి చూసింది, మొగుడికేసి చూసింది. "శభాష్ అంటే నెత్తిన పడేస్తాను," అంది.

"అనను."

అనలేదు కూడా. పెళ్ళయిన దగ్గర్నుంచి అననివాడు ఇప్పుడెందుకంటాడు? ఆవిడ రుద్దింది. చెయ్యి రెండంగుళాలు వెళ్ళి ఆగిపోయేది. ఎడమచేత్తో కుడిచేతిని తోసి మళ్ళీ లాగేది. పావుగంటకే ముచ్చెమటలు పట్టాయి. చివరికి పేలిక విప్పితే వేళ్ళు తెరుచుకోలేదు. మేస్త్రీ ఒక్కొక్కటే విప్పాడు, తుప్పు పట్టిన మర విప్పినంత ఓపిగ్గా.

ఆ పనిలో ఒక వరస ఉంది. ముందు రెండువందల ఇరవై నంబరు కాగితం, గరుకుది. దాంతో పొక్కులు పోవాలి. తర్వాత నాలుగు వందలు, ఆరు వందలు, వెయ్యి, ఆఖరున రెండువేలు. ఒక నంబరుతో నిలువుగా రుద్దితే పై నంబరుతో అడ్డంగా రుద్దాలి. కింది నంబరు గీత ఒక్కటి మిగిలినా పైకి పోకూడదు. తొందరపడి పోతే ఆఖర్న అద్దంలో ఆ గీతే ముందు కనిపిస్తుంది. కాగితాలన్నీ అయ్యాక షెడ్డులో గుడ్డచక్రం తిప్పి పాలిష్ పట్టించాలి. ఆ జిడ్డు పోవడానికి మైదాపిండి చల్లి పాత బనీను గుడ్డతో తుడవాలి. మేస్త్రీ ఇదంతా చెప్పడానికి రెండు రోజులు తీసుకున్నాడు.

ఆవిడ రెండు నిమిషాల్లో తన లెక్కలోకి మార్చేసింది. "రెండువందల ఇరవై మామూలు ఉత్తరం. వెయ్యి రిజిస్టరు. రెండువేలు ఎక్స్‌ప్రెస్. అంతేగా? దీనికింత నసెందుకండీ!"

మూడు వారాలకి ఎల్బో తయారైంది. మైదాపిండి తుడిచేసరికి కిటికీ, కిటికీ ఊచలు, బయట తీగమీద ఆరేసిన తువ్వాలు, అన్నీ అందులోకి వచ్చి కూర్చున్నాయి. హారన్ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"వదినా, అన్యాయం! ఇందులో నా బట్టతల మరీ పెద్దదిగా కనిపిస్తోంది."

"వస్తువులో లోపం లేదు మరిదిగారూ. పంపినవాళ్ళు ఏం పెట్టారో అదే వస్తుంది," అంది ఆవిడ.

హారన్ నవ్విన నవ్వుకి పక్కింటి కుక్క మొరిగింది. మేస్త్రీ తల వంచుకుని బేసిన్లో నీళ్ళు కలియబెడుతూ ఉండిపోయాడు. ఆయన కళ్ళు ఎవరికీ కనిపించలేదు.

ఇక అక్కణ్ణుంచి పని పరుగు తీసింది. డైనమో పట్టు, ముందు మూత, గాలి గొట్టం. పేలిక కట్టడం మానేశారు. ఆవిడ దిమ్మని తనంతట తనే పట్టుకుంటోంది. రుద్దుతూ కబుర్లు చెప్తోంది. ఇరవై ఏళ్ళ కిందట తప్పు చిరునామాకి పోయిన టెలిగ్రాం వల్ల ఏ ఇంట్లో ఏం గొడవైందో, పదవీ విరమణ రోజున పోస్టుమాస్టరు దండ మెడలో ఉండగానే ఎలా కునుకు తీశాడో. మేస్త్రీ ఊ కొడుతున్నాడు. వ్యాయామాల అమ్మాయి వచ్చి చేతిని అటూ ఇటూ వంచి చూసి, "ఇంట్లో ఏం చేయిస్తున్నారంకుల్?" అని అడిగింది. "పని," అన్నాడాయన.

నాలుగు ముక్కలు అద్దాలయ్యాయి. వాల్వుల మూత ఒక్కటే మిగిలింది. అదీ వెయ్యి నంబరుదాకా వచ్చేసింది.

అప్పుడు మేస్త్రీకి దిగులు పట్టుకుంది. ఇది కూడా అయిపోతే? ఇంట్లో ఇంకో ఇంజన్ లేదు. బంతి ఇస్తే మంచం కిందికి వదిలేసిన మనిషి. పని అయిపోయిన మర్నాడు మళ్ళీ గోడవైపు తిరిగితే? బొటనవేలు, చూపుడువేలు ఇంకా సరిగ్గా కలవడంలేదు. డాక్టరు చెప్పిన నెలల్లో ఇంకా ఒకటి మిగిలే ఉంది. రెండు రోజులు అదే పనిగా ఆలోచించాడు. అడిగితే పోయేదానికి ఆలోచించాడు.

మూడోరోజు పొద్దున ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు, ఎల్బో తీసుకుని షెడ్డులోకి వెళ్ళాడు. జేబులోంచి నాలుగువందల నంబరు కాగితం తీశాడు. పూర్తయిన ముక్క మీద గీత పడితే కుర్ర ఫిట్టర్ల చెవి మెలేసిన మనిషి ఆయన. చెయ్యి రాలేదు. కళ్ళు మూసుకుని రెండుసార్లు లాగాడు.

"ఇది మసకబారింది. చెమ్మ పట్టినట్టుంది," అన్నాడు లోపలికొచ్చి.

"అయ్యో! ఇటివ్వండి," అంది ఆవిడ. అంతే. ఇంకో అయిదు రోజులు గడిచాయి. తర్వాత డైనమో పట్టుకి చెమ్మ పట్టింది. ఆ తర్వాత ముందు మూతకి.

గాలి గొట్టం దగ్గర దొరికిపోయాడు.

ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టింది. అటూ ఇటూ తిప్పి చూసింది. మేస్త్రీ బేసిన్లో నీళ్ళు మారుస్తున్నాడు.

"ఏవండీ. చెమ్మ తిన్నగా నడుస్తుందా?"

ఆయన బేసిన్‌ని పీట కిందికి తోశాడు.

"తిన్నగా, పొడుగ్గా, ఒకే ఏటవాలులో రెండు లాగుళ్ళు. నా చెయ్యి రెండంగుళాలకి ఆగుతుంది, ఇంత పొడుగు గీత నాది కాదు. ముద్ర చెరిపేసి మళ్ళీ అతికించుకొచ్చిన స్టాంపుల్ని ముప్పై ఏళ్ళు పట్టుకున్నానండీ నేను. కౌంటరు అవతల నిలబడ్డ దొంగమొహం కూడా నాకు తెలుసు. అది అచ్చం ఇప్పటి మీ మొహంలా ఉంటుంది."

"అదీ..."

"ఎల్బో కూడానా?"

ఆయన తల వంచాడు.

"నేను రెండు రోజులు ఏడ్చానండీ ఆ ఎల్బోకి. నా చేతి చెమట వల్లే మసకబారిందనుకున్నాను. ఈ చెయ్యి ముట్టుకుంటే ఏదీ నిలవదనుకున్నాను." ఆవిడ గొంతు పెద్దది కాలేదు. అదే భయంగా ఉంది. "ఆ పిల్లయినా నయం, బంతిని బంతి అనే చెప్పి ఇచ్చింది."

దిమ్మ తీసి పీటమీద పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది.

అలా ఒకరోజు. రెండోరోజు. చెయ్యి ఒళ్ళో ముడుచుకుని ఉంది. టీ తాగుతావా అంటే తల కూడా ఊపలేదు. హారన్ వచ్చి తనకు తెలిసిన పాత జోకులన్నీ వేసి, పని జరక్క, మేస్త్రీని షెడ్డులోకి లాక్కెళ్ళాడు. జరిగింది ముక్కముక్కలుగా బయటికి లాగాడు.

"ఎంత పని చేశావురా! ఇంజన్లో బురద పోతే విప్పి కడుగుతావు కదా. ఇదీ అంతే. వెళ్ళి విప్పు."

"నాకు రాదు."

"రాదా? వాల్వులు అమర్చడం పుట్టుకతో వచ్చిందా నీకు? మొదటిసారి ఎన్ని బోల్టులు విరగ్గొట్టావో నేను చూళ్ళేదనుకున్నావా? విరిగితే విరుగుతుంది. వెళ్ళు."

హారన్ వెళ్ళిపోయాక మేస్త్రీ ఇంజన్ ముందు నిలబడి పెదాలు కదిపి చూసుకున్నాడు. మూత లేని ఇంజన్ ఆయన్ని నాలుగు కళ్ళతో చూస్తున్నట్టుంది. అయినా లోపలికి నడిచాడు.

మధ్యాహ్నం రెండు దాటి ఉంటుంది. మంచం అంచున కూర్చున్నాడు. వీపుతోనే మాట్లాడాలి కాబట్టి వీపుతోనే మొదలెట్టాడు.

"నాకు భయమేసింది."

వీపు అలాగే ఉంది.

"పని అయిపోతే నువ్వు మళ్ళీ ఇలా తిరుగుతావని. చెయ్యి ఆగిపోతుందని. చెయ్యి సంగతి సరే. చెయ్యి లేకపోతే నేను అన్నం కలిపి పెడతాను, తల దువ్వుతాను, అదేం పెద్ద పని కాదు." దుప్పటి అంచు సర్దాడు. "నువ్వు మాట్లాడకపోతేనే నాకు చేతకావట్లేదు. డిపోనుంచి వచ్చేటప్పుడు సందు మలుపులో నీ గొంతు వినిపించేది. ఇంట్లో ఎవరూ లేకపోయినా ఏదో ఒకటి తిడుతూ ఉండేదానివి, పొయ్యినో, పంపునో. అప్పుడు నా కాళ్ళు తేలికయ్యేవి. ఇన్నేళ్ళూ నీకు చెప్పలేదు. నువ్వు మాట్లాడుతున్నావు కదా, మధ్యలో నేనెందుకని."

కిటికీ అవతల ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"అడగాల్సింది. ఇంకా కొన్నాళ్ళు చెయ్యవా అని. అడగడం రాక నీ పని చెడగొట్టాను. తప్పు."

ఆవిడ నెమ్మదిగా ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి కానీ చూపు మాత్రం కౌంటరు చూపే.

"మళ్ళీ చెప్పండి."

"ఏది?"

"మొదట్నుంచీ."

"మళ్ళీ రాదే."

ఆవిడకి నవ్వాగలేదు. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కుడిచేత్తోనే ఒత్తుకుంది. ఆ సంగతి ఆవిడ గమనించలేదు. ఆయన గమనించాడు, కానీ శభాష్ అనలేదు.

"ఇలా వినండి," అంది లేచి కూర్చుని. "ఆ మూత ఇవాళ పూర్తి చేసేద్దాం. గాలి గొట్టం మీద మీరు గీసిన గీతలు మీరే తీయాలి, నేను ముట్టుకోను. రేపు పొద్దున అయిదూ ఇంజన్‌కి బిగించేయండి. ఇక రుద్దడానికి ఈ ఇంట్లో ముక్క ఉండకూడదు. ఖాళీ చేతులతో కూర్చుంటాను. చెయ్యి ఆడించాలంటే ఆడిస్తాను, కూర్చోవాలంటే కూర్చుంటాను. భయమేస్తే నోటితో చెప్పండి. సరేనా?"

"సరే."

"సరే కాదు. ఏం చేస్తారు?"

"నోటితో చెప్తాను."

ఆ మధ్యాహ్నం ఇద్దరూ పీటకి అటూ ఇటూ కూర్చున్నారు. ఆవిడ రెండువేల నంబరుతో మూతని అడ్డంగా రుద్దింది. ఆయన తన గీతల్ని తనే తీసుకున్నాడు. తీయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆవిడ మధ్యమధ్య వెలుతురుకి ఎత్తి, "ఇక్కడొకటుంది," "ఇదిగో, ఇక్కడ ఇంకోటి," అని వేలితో చూపించేది. ఆయన మళ్ళీ కింది నంబరుకి దిగేవాడు. పొద్దు వాలకముందే షెడ్డులో గుడ్డచక్రం తిప్పి పట్టుకొచ్చాడు. ఆవిడ మైదాపిండి చల్లి, పాత బనీనుతో తుడిచింది.

వాల్వుల మూత మూరెడు పొడుగుంటుంది. ఇద్దరి మొహాలూ పక్కపక్కన పట్టాయి. ఆవిడ వంగి చూసుకుంది. ఆస్పత్రినుంచి వచ్చాక అద్దం ముందుకి వెళ్ళలేదని అప్పుడు గుర్తొచ్చింది మేస్త్రీకి.

"మూతి ఓ పక్కకి పోయింది కదండీ. మీరు చెప్పలేదేం?"

ఆయన మూతలోకి చూశాడు. తర్వాత తల తిప్పి మనిషిని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎక్కడ?" అన్నాడు.

"చాల్లెండి," అంది ఆవిడ. పిండి చెయ్యి ఆయన బుగ్గకి రాసేసింది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ షెడ్డులోకి వెళ్ళాడు. కొత్త ప్యాకింగులు కోసి, అయిదు ముక్కలూ వాటి వాటి చోట్ల కూర్చోబెట్టాడు. వాల్వుల మూత బోల్టులు మధ్యనుంచి చివరలకి, కొంచెం కొంచెంగా, మూడు దఫాలుగా బిగించాడు. మిగిలిన వాటర్ పేపరు ముక్కలు ఏరి చెత్తబుట్టలో పడేశాడు. సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని లోపలికొచ్చాడు.

ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. మొహం గోడవైపు లేదు, వీధివైపూ లేదు. గుమ్మంకేసి ఉంది. ఏమీ అనలేదు. అనకుండా చూస్తోంది.

మేస్త్రీ ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. మోకాళ్ళమీద పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"టీ బాగుంది," అన్నాడు.

"ఇంకా పెట్టనే లేదండీ."

"అవును," అన్నాడాయన. "ఏదో ఒకటి అందామని."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, పైకి చూస్తూ, గట్టిగా నవ్వింది. నవ్వాగాక, పోస్టాఫీసులో ఇలాగే తెల్లకాగితం మడిచి కవర్లో పెట్టి పెళ్ళానికి పంపిన ఒక పెద్దమనిషి కథ ఎత్తుకుంది. మేస్త్రీ లేచి వంటింట్లోకి నడిచి పొయ్యి వెలిగించాడు. ఊ కొట్టబోయి ఆగి, "ఆ తర్వాత ఏమైంది?" అని అక్కణ్ణుంచే గట్టిగా అడిగాడు.